జర్మనీ బడిలో మన పిల్లలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బరంపురం నుంచి సిరొంచ దాకా సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి జర్మనీ మాటే ఎక్కువ. ఇంట్లో ఒకరు ముందు వెళ్ళారు, మిగతావాళ్ళు సామాను సర్దుకుంటున్నారు. అక్కడ దిగాక ఏం చెయ్యాలని అందరూ అడిగారు. బయల్దేరేముందు ఇక్కడ కాగితాలెలా చక్కబెట్టుకోవాలని అడిగింది ఒక్కరే. ఆ ఉత్తరాన్నే ముందు పెట్టాం, దానికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మావారు స్టుట్‌గార్ట్‌లో బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నారు. ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబుతో నేను వెళ్ళాలి. పాప జనన ధ్రువపత్రం ఒడియాలో ఉంది, అందులో పాప పేరే లేదు. బడి కాగితాల్లో ఇంటిపేరు చివర రాశారు, మా పెళ్ళి సర్టిఫికెట్‌లో ముందు రాశారు. ఒక ఏజెంటు అన్నిటికీ అపోస్టిల్ వేయిస్తాను, కాగితానికింత అంటున్నాడు. ఇమ్మంటారా?
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: ఇవ్వకండమ్మా. అపోస్టిల్ అంటే మన కాగితం అసలుదేనని విదేశాలకు చెప్పే ముద్ర. అది చాలా దేశాలకు పనికొస్తుంది, జర్మనీకి మాత్రం కాదు. ఆ ముద్రకు మూలమైన హేగ్ ఒప్పందం మన దేశానికి 2005లో అమల్లోకి వచ్చింది. అప్పుడే జర్మనీ అభ్యంతరం చెప్పింది. కాబట్టి ఈ రెండు దేశాల మధ్య ఆ ముద్రకు విలువ లేదు. జర్మన్ ఆఫీసుకు మన కాగితం మీద అనుమానం వస్తే కాన్సులేటు ద్వారా ఇక్కడ విచారణ చేయిస్తారు. ఖర్చు మీదే, నెలలు పడుతుంది. ఆ అనుమానం ముద్ర లేనందువల్ల కాదు, పేర్లు కలవనందువల్ల వస్తుంది.

అందుకని ఏజెంటుకిచ్చే డబ్బు, తీరిక పేర్ల మీద పెట్టండి. వరస ఇది. ముందు జనన ధ్రువపత్రం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ కింద పిల్లల పేరు తర్వాత కూడా చేర్పించవచ్చు. నమోదైన ఏడాదిలోపైతే రుసుము లేదు, ఆ తర్వాత పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పిస్తారు. పుట్టుక ఎక్కడ నమోదైందో ఆ రిజిస్ట్రారు దగ్గరే చెయ్యాలి. ఇచ్ఛాపురంలో అమ్మమ్మగారింట పుట్టిన బిడ్డకైతే బరంపురం కార్పొరేషన్ చుట్టూ తిరిగి లాభం లేదు, ఆంధ్రా వైపు వెళ్ళాల్సిందే. సరిహద్దు కుటుంబాల్లో సగం ఆలస్యం ఇక్కడే జరుగుతుంది: భర్త కాగితాలు ఒక రాష్ట్రం, భార్యవి ఇంకో రాష్ట్రం, పిల్లలవి రెండూ. పేరు చేర్పించేటప్పుడే ఇంగ్లిషు కూడా ఉన్న ప్రతి అడిగి తీసుకోండి. జర్మనీలో ప్రమాణం చేసిన అనువాదకులు ఇంగ్లిషు నుంచి చేసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. ఒడియా నుంచి చేసేవాళ్ళ కోసం దేశమంతా వెతకాలి. మరాఠీ కాగితాలున్నవాళ్ళకూ ఇదే మాట.

ఆ తర్వాత ఆధార్, ఆఖరున పాస్‌పోర్టు. చాలామంది తిరగేసి చేస్తారు. పాస్‌పోర్టు ముందు తీసేసి, దానికి తగ్గట్టు జనన ధ్రువపత్రం దిద్దించబోతారు. రిజిస్ట్రారు ఒప్పుకోడు, ఆయన చూసేది ఆస్పత్రి రికార్డునే.

పేరెలా రాయించాలంటారా? పాస్‌పోర్టులో ఇంటిపేరుకో గడి, సొంతపేరుకో గడి ఉంటాయి. రెండూ నింపండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకేచోట రాయిస్తే జర్మన్ కంప్యూటర్లలో అది ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఎక్కుతుంది. బీమా కార్డు మీద ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు. పొడి అక్షరాలు వద్దు; ఇంటిపేరు పూర్తిగా రాయించండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్నది బడి కాగితాల్లో పెద్ద అడ్డు కాదు, అక్షరాలు మాత్రం ఒకేలా ఉండాలి. ఒకచోట ‘ఎస్’ ఒక్కటి, ఒకచోట ‘ఎస్‌హెచ్’ అయితే అదే చిక్కు. మహారాష్ట్ర వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు తండ్రి పేరు మధ్యలో పడుతుంది. బడి దాఖలాలో అలా ఉండి పాస్‌పోర్టులో లేకపోతే, ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర ఇంగ్లిషులో ఒక అఫిడవిట్ రాయించి దగ్గరుంచుకోండి.

మీ పాస్‌పోర్టు పుట్టింటి పేరు మీదుంటే మార్చకండి. జర్మనీలో భార్యకు, భర్తకు వేర్వేరు ఇంటిపేర్లుండటం మామూలే. పిల్లల ధ్రువపత్రంలో తల్లి పేరు మీ పాస్‌పోర్టుతో కలిస్తే చాలు. పెళ్ళి సర్టిఫికెట్ మాత్రం రిజిస్ట్రారు ఇచ్చిందే కావాలి. గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ చెల్లవు.

వీసా సంగతి. దరఖాస్తు నివాసాన్ని బట్టి పోతుంది. ఒడిశా వాళ్ళది కోల్‌కతా కాన్సులేటు, మహారాష్ట్ర వాళ్ళది ముంబై. విశాఖో హైదరాబాదో దగ్గరని ఆంధ్రా, తెలంగాణ చిరునామా పెట్టకండి. బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు ఎ1, అంటే మొదటి మెట్టు, జర్మన్ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా ఎ1 పాఠాలు పూర్తిచేసి వెళ్ళండి. బడి నుంచి వచ్చే ప్రతి చీటీ జర్మన్‌లోనే ఉంటుంది.

ఇంకొకటి టీకాల కార్డు. 2020 మార్చి 1 నుంచి అక్కడ తట్టు టీకా చట్టం ఉంది: రెండేళ్ళు దాటిన పిల్లలకు రెండు డోసులు పడినట్టు రుజువు చూపాలి. బాబుకు ఆ రుజువు లేకపోతే కిండర్‌గార్టెన్ చేర్చుకోదు. పాపది చదువు తప్పనిసరైన వయసు కాబట్టి బడి ఆపలేదు, కానీ ఆరోగ్యశాఖకు కబురు వెళ్తుంది, 2,500 యూరోల దాకా జరిమానా పడొచ్చు. మన కార్డుల్లో ‘ఎం.ఆర్.’ (తట్టు, రుబెల్లా) గడిలో టిక్కు పెట్టి తేదీ వదిలేస్తారు. ఆ టిక్కు అక్కడి డాక్టరుకు దేనికీ పనికిరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చేత రెండు తేదీలూ ఇంగ్లిషులో రాయించి ముద్ర వేయించండి. తేదీలు దొరక్కపోతే అక్కడ మళ్ళీ టీకా వేస్తారు. దానివల్ల నష్టమేమీ లేదు.

ప్రశ్న: దిగిన వెంటనే ఏ పని ముందు, ఏది వెనక? మాకు ఒక బాబు, రెండో తరగతి.
— ఒక పాఠకుడు, బల్లార్షా

జవాబు: అన్నిటికీ మూలం ఇంటి చిరునామా. ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఊరి పౌరుల కార్యాలయంలో పేర్లు నమోదు చేయించాలి; దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టులు, పెళ్ళి, జనన పత్రాలు, ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువీకరణ తీసుకెళ్ళాలి. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు. యజమాని పత్రం వేరే ఉంటుంది, ఇల్లు ఖాయం చేసుకునేటప్పుడే ఇస్తానని చెప్పించుకోండి. కొందరు నెలల అద్దెకిచ్చే గదుల్లో ఆ పత్రం ఇవ్వరు, అలాంటి చోట పిల్లలతో దిగకండి.

నమోదయ్యాక పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద నష్టం చేస్తుంది. పోస్టుమాన్ ఫ్లాట్ నంబరు చూడడు, డబ్బా మీద ఇంటిపేరు చూస్తాడు. డబ్బా మీద మీ పేరు లేకపోతే ఉత్తరం తిరిగిపోతుంది. ఇంటి తాళాలు తీసుకున్న రోజే కాగితం ముక్క మీద ఇంటిపేరు రాసి డబ్బాకు, కాలింగ్ బెల్‌కు అంటించండి. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైతే రెండూ.

ఆ సంఖ్య వచ్చాక పిల్లల భత్యానికి, అంటే కిండర్‌గెల్డ్‌కు, దరఖాస్తు పెట్టండి. 2025లో బిడ్డకు నెలకు 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259. ఆలస్యమైతే వెనకటి ఆరు నెలలది మాత్రమే ఇస్తారు. బాబు ఇంకా బల్లార్షాలో తాతగారి దగ్గర ఉంటే రాదు, ఆ దేశంలో ఉండాలి.

ప్రభుత్వ పద్ధతి ఆరోగ్య బీమాలో సంపాదన లేని భార్య, పిల్లలు అదనపు రుసుము లేకుండా చేరతారు. ప్రైవేటు బీమాలో ఒక్కొక్కరికీ విడిగా కట్టాలి. ఉద్యోగి ఒంటరిగా ఉన్నప్పుడు ప్రైవేటు చవగ్గా కనిపిస్తుంది, కుటుంబం దిగాక లెక్క తారుమారవుతుంది. కాబట్టి ముందు వెళ్ళినవాళ్ళకు ఈ మాట ఇప్పుడే చెప్పండి.

కొన్నాళ్ళకు రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాలి. మోసమనుకుని చించెయ్యకండి.

బడికి వేరే పరుగు అక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో ప్రాథమిక బడి ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. నమోదు చీటీ పట్టుకుని దగ్గరి బడి ఆఫీసుకు వెళ్ళండి.

ప్రశ్న: మా బిడ్డ ఇక్కడ మరాఠీ మీడియంల ఆరో తరగతి అయిపోయింది, మంచిగ సదువుతది. జర్మన్ ఒక్క ముక్క రాదు. అక్కడ కింది తరగతిల ఏస్తరా? ఇంగ్లిష్ మీడియం బడి దొరకదా?
— ఒక తండ్రి, సిరొంచ

జవాబు: సర్కారు బడుల్లో బోధన జర్మన్‌లోనే. ఇంగ్లిషు మీడియం కావాలంటే అంతర్జాతీయ బడులున్నాయి గానీ ఫీజు మామూలుగా ఏడాదికి పది వేల యూరోలకు తక్కువుండదు, పెద్ద నగరాల్లో దానికి రెట్టింపు. కంపెనీ కడితే తప్ప అటు చూడకండి. రెండు మూడేళ్ళుండి తిరిగి వచ్చేవాళ్ళకు అది సరే. స్థిరపడేవాళ్ళకు అది పిల్లను ఊరికి దూరం చేస్తుంది.

తరగతిని వయసు బట్టి నిర్ణయిస్తారు. కొత్తగా వచ్చిన పిల్లలను ముందు భాషా తరగతిలో వేస్తారు. దాని పేరు రాష్ట్రానికొకటి: బెర్లిన్‌లో విల్కొమ్మెన్స్‌క్లాస్సె, బవేరియాలో డాయిచ్‌క్లాస్సె, హెస్సెలో ఇంటెన్సివ్‌క్లాస్సె, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో ఫోర్‌బెరైటుంగ్స్‌క్లాస్సె. ఆటలకు, బొమ్మలకు, సంగీతానికి, చాలాచోట్ల లెక్కలకు మామూలు తరగతిలో కూచోబెడతారు. ఏడాది, కొందరికి రెండేళ్ళు పడుతుంది. ఇది కింది తరగతిలో వెయ్యడం కాదు. కానీ అక్కడితో ఊరుకోకండి. మూడు నెలలకోసారి క్లాసు టీచర్ని కలిసి, ఏ సబ్జెక్టులో మామూలు తరగతికి పంపుతున్నారని అడుగుతూ ఉండండి. అడగని తల్లిదండ్రుల పిల్లలు ఆ తరగతిలోనే ఉండిపోతారు.

ఇప్పుడు అసలు మెలిక. అక్కడ ప్రాథమిక బడి నాలుగేళ్ళే, బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఆరేళ్ళు. అది కాగానే పిల్లల్ని వేర్వేరు బడులకు పంచుతారు: విశ్వవిద్యాలయానికి దారి తీసే గిమ్నాజియుం, మధ్యరకం రియాల్‌షూలె, పని చదువుకు దగ్గరి హౌప్ట్‌షూలె, అన్నీ కలిసిన గెజాంట్‌షూలె. బవేరియాలో నాలుగో తరగతిలో జర్మన్, లెక్కలు, పరిసరాలు మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటేనే నేరుగా గిమ్నాజియుం. మీ బిడ్డ ఆ మలుపు దాటిన వయసులో వెళ్తోంది, అంటే ఏదో ఒక రకం బడిలో నేరుగా పడుతుంది. భాష రాదని కింది రకం బడి చూపిస్తే, మరాఠీ మార్కుల జాబితాలను ఇంగ్లిషులో అనువదించిన కాపీలు ముందు పెట్టండి. లెక్కలు, సైన్సు మార్కులు భాష అడ్డం లేకుండా మాట్లాడతాయి. గెజాంట్‌షూలె దొరికితే ఈ వయసు పిల్లలకు అది మంచిదని మా అభిప్రాయం. భాష వచ్చాక పైకి జరగడానికి బడి మారనక్కర్లేదు.

మార్కులు చూసి కంగారు పడేరు. అక్కడ 1 అంటే అన్నిటికంటే గొప్ప, 6 అంటే తప్పినట్టు. 4 దాకా పాసు. ‘ఒకటి వచ్చింది’ అని బిడ్డ ఏడుస్తూ కాక నవ్వుతూ చెబుతుంది.

లెక్కల్లో ఇప్పటినుంచే అలవాటు చేయించాల్సినవి కొన్నున్నాయి. దశాంశానికి చుక్క కాదు, కామా పెడతారు, 3.5 అక్కడ 3,5. వెయ్యిని విడదీయడానికి చుక్క పెడతారు. గుణకారానికి మధ్యలో చుక్క, భాగహారానికి రెండు చుక్కలు. ఒకటి అంకెకు పైన ముక్కు పెడతారు, ఏడుకు నడుమ అడ్డగీత. మన ఒకటిని వాళ్ళు చదవలేరు, ముక్కున్న వాళ్ళ ఒకటిని మన పిల్లలు ఏడనుకుంటారు. గడియారం చెప్పేటప్పుడు ‘హాల్బ్ ద్రై’ అంటే రెండున్నర, మూడున్నర కాదు. ఇరవై అయిదును అయిదు-ఇరవై అంటారు. మరాఠీలో లెక్కపెట్టే మీ బిడ్డకు ఇది తెలుగు మీడియం పిల్లలంత కష్టం కాదు.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లిషు. ఇప్పుడు జర్మన్ కూడా. బాబుకు అయిదేళ్ళు. ఇంట్లో తెలుగు మానేసి జర్మన్ మాట్లాడితే తొందరగా కుదురుకుంటాడా?
— ఒక తల్లి, జయపురం

జవాబు: మానకండి. మీకు ఎ1 స్థాయి జర్మన్ ఉంటే, మీ నుంచి బాబు నేర్చేది మీ తప్పులే. కీటాలో (బడి వయసు రాని పిల్లల్ని చూసుకునే చోటు), బడిలో టీచర్లే అంటారు, ఇంట్లో మీకు బాగా వచ్చిన భాషే మాట్లాడమని. ఇంటి భాషలో ‘ఎందుకు’, ‘అయితే’, ‘లేకపోతే’ అని వాదించగలిగిన పిల్లవాడికి కొత్త భాషలో మాటలు మాత్రమే కొత్త. తెలుగు, ఒడియా, జర్మన్ మూడూ అరకొరగా ఉన్నవాడికి ఆలోచన పట్టాలెక్కదు.

మొదటి కొన్ని నెలలు బడిలో నోరు విప్పకపోవచ్చు. వింటూ ఉంటాడు. ఇంట్లో గలగల మాట్లాడుతూ బడిలో మౌనంగా ఉంటే కంగారు అక్కర్లేదు. ఇంట్లోనూ మాట తగ్గితే పిల్లల డాక్టరుకు చెప్పండి.

ఒడియా సంగతి అడగలేదు గానీ, తాతయ్యలు, అమ్మమ్మలతో మాట్లాడాల్సింది తెలుగైతే తెలుగే నిలపండి. నాలుగూ నిలపాలనుకుంటే దేనికీ తీరిక చాలదు. తెలుగు అక్షరాలు జర్మన్ చదవడం వచ్చాకే మొదలుపెట్టండి, ఏడెనిమిదేళ్ళకు. ఆదివారం కొట్లన్నీ మూసే ఉంటాయి, ఆ రోజు గంట చాలు. ఆరేళ్ళు ఎప్పుడు నిండుతాయో కూడా చూసుకోండి. బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో జూన్ 30 నాటికి ఆరు నిండితే ఆ ఏడే ఒకటో తరగతి, వేరే రాష్ట్రాల్లో తేదీ వేరు. చేరే ముందు ఆరోగ్యశాఖ డాక్టరు పరీక్ష ఉంటుంది: చూపు, వినికిడి, బొమ్మ గీయడం, ఒంటికాలి మీద నిలబడటం. మొదటి రోజున పిల్లలంతా నిలువెత్తు కాగితపు శంకువు నిండా మిఠాయిలు, పెన్సిళ్ళు పట్టుకుని వస్తారు, దాని పేరు షూల్ట్యూటె. అది బడి ఇవ్వదు, తల్లిదండ్రులే తెచ్చుకోవాలి. తెలియక చేతులూపుకుంటూ వెళ్తే ఫోటోలో మీ వాడొక్కడే బిక్కమొహం.

ప్రశ్న: మా తమ్ముడి పెళ్ళి మాఘంలో. పిల్లల్ని రెండు వారాలు బడి మాన్పించి తీసుకొస్తే ఏమైనా అంటారా?
— ఒక పాఠకురాలు, ధర్మాబాద్

జవాబు: అంటారు, జరిమానా కూడా వేస్తారు. అక్కడ బడికి పోవడం చట్టం, ఇంట్లో చదువు చెప్పుకుంటామన్నా ఒప్పుకోరు. సెలవుల ముందు చవక టికెట్టు కోసం రెండు రోజులు ముందుగా బయల్దేరిన కుటుంబాలను బవేరియాలో విమానాశ్రయంలో పోలీసులు ఆపి అడిగిన సందర్భాలున్నాయి. సొంత మేనమామ పెళ్ళికి ప్రధానోపాధ్యాయుడికి ముందుగా రాస్తే రెండు మూడు రోజులు దొరకొచ్చు, రెండు వారాలు దొరకవు. పిల్లలకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పకండి. ఫోటోలు తరగతి పిల్లలే చూస్తారు.

ఇకముందు ముహూర్తాలు శ్రావణంలో పెట్టించండి. వేసవి సెలవులు ఆరు వారాలు, రాష్ట్రాన్ని బట్టి జూన్ చివర నుంచి సెప్టెంబరు మధ్య దాకా వంతులవారీగా వస్తాయి. జర్మనీ దక్షిణాన ఉన్న బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లలో ఆగస్టంతా సెలవే. వైశాఖ, జ్యేష్ఠాల్లో పెళ్ళయితే ఆ రెండు రాష్ట్రాల వాళ్ళకే పెంతెకోస్తు సెలవులు రెండు వారాలు దొరుకుతాయి. సంక్రాంతికి మాత్రం సెలవుండదు.

ప్రశ్న: మా కోడలు ఉద్యోగంలో చేరబోతోంది, మనవడికి రెండున్నరేళ్ళు. నేను వెళ్ళి ఉండి చూసుకోనా?
— ఒక నాయనమ్మ, రాయగడ

జవాబు: సందర్శకుల వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండగలరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కాబట్టి ఏడాదంతా చూసుకోవడం కుదరదు. ఆ తొంభై రోజుల్ని సరైన చోట వాడండి. బిడ్డకు ఏడాది నిండితే కీటాలో చోటు హక్కే, కానీ పెద్ద నగరాల్లో చోటు దొరకడానికి నెలలు పడుతుంది, చిరునామా రాగానే దరఖాస్తు పెట్టాలి. చేర్చాక మొదటి రెండు నుంచి నాలుగు వారాలు ఇంటి మనిషి ఒకరు పక్కన కూచోవాలి. మొదట గంట, తర్వాత మెల్లగా పెంచుతారు. ఆ నెలలో కోడలు పనిలో చేరితే సెలవు దొరకదు. మీరు ఆ సమయానికి వెళ్ళండి, అయితే కీటాలో కూచునే మనిషి రోజూ ఒకరే కావాలి, ఒకరోజు మీరు ఒకరోజు అబ్బాయి అంటే కుదరదు.

వాన ప్యాంటు, బురద బూట్లు, లోపల వేసుకునే చెప్పులు అక్కడే కొనమనండి. వాన పడుతున్నా పిల్లల్ని బయట ఆడిస్తారు, తిట్టకండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. వచ్చే ఏడాది పరీక్షలు. ఇప్పుడే తీసుకెళ్ళాలా, ఇంటర్ దాకా గుణుపురంలో మా అన్నగారింట ఉంచాలా?
— ఒక తండ్రి, గుణుపురం

జవాబు: పరీక్షలు రాయించి, ఫలితాలు రాగానే మీతోపాటే తీసుకెళ్ళండి. పది సర్టిఫికెట్ చేతిలో ఉంటే అక్కడి రాష్ట్ర అధికారులు దాన్ని తూచి తరగతి చెబుతారు. మధ్యలో తీసేస్తే చూపడానికేమీ ఉండదు. ఇంటర్ దాకా ఆపడం మాకు నచ్చలేదు. పదహారు నిండాక తల్లిదండ్రులతో కాక విడిగా వచ్చే పిల్లలకు కొన్ని అనుమతుల కింద సి1 స్థాయి, అంటే ధారాళంగా వచ్చిన, జర్మన్ అడుగుతారు, బ్లూ కార్డు కుటుంబాలకు మినహాయింపు ఉన్నా. పైగా మన ఇంటర్ ఒక్కటే అక్కడి విశ్వవిద్యాలయంలోకి నేరుగా చేర్చదు. మన దేశంలో డిగ్రీలో ఒక ఏడాదో, జేఈఈ అడ్వాన్స్‌డో, దానిపైన 2022 నవంబరు నుంచి ఏపీఎస్ ధ్రువపత్రమూ (మన చదువు కాగితాలు సరైనవేనని ఇచ్చేది) కావాలి. అక్కడ అబిటూర్, అంటే గిమ్నాజియుం చదువు ఆఖరి పరీక్ష, పాసైతే ఇవేవీ అక్కర్లేదు.

కానీ అబిటూర్‌కు జర్మన్ బాగా రావాలి. ఈ ఏడాది రోజూ గంట పెట్టి ఎ2 అయినా పూర్తిచేయించండి. పదహారు దాటిన కొత్తవాళ్ళను చాలాచోట్ల వృత్తి బడుల్లోని భాషా తరగతుల్లో వేస్తారు. అక్కడి నుంచి మూడు, మూడున్నరేళ్ళ వృత్తి శిక్షణ, అంటే ఆవుస్‌బిల్డుంగ్, దారి ఉంది, నేర్చుకుంటూనే జీతం వస్తుంది. మెకానిక్ పనో నర్సింగో తక్కువని ఇక్కడి లెక్కతో చూడకండి, ఆ దారిన వెళ్ళినవాళ్ళు తర్వాత ఇంజనీరింగ్ కూడా చదువుకోవచ్చు.

ప్రశ్న: మా అత్తమ్మ నెయ్యి డబ్బా, ఎండు చేపలు, కరేపాకు, కుక్కరు, మిక్సీ అన్నీ మూటలు కట్టేస్తన్నారు. ఏవి పట్టుకెళ్ళొచ్చు?
— ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: నెయ్యి తీసెయ్యండి. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల సరుకు, మాంసం సొంతానికైనా తేకూడదు. రసగోలా, ఛెనాపోడ, పాలకోవా కూడా అంతే. ఎండు చేపలు మాత్రం మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది. వాసన బయటికి రాకుండా రెండు సంచుల్లో గాలి తీసి కట్టండి. పచ్చి కరివేపాకు, పళ్ళు, నాటే విత్తనాలు వద్దు. అత్తగారు తోటకూర విత్తనాలు మూట కట్టి ఉంటారు, చూడండి. ఆవకాయ, చింతపండు, పప్పులు, పొడులు ఫరవాలేదు. మందులు మూడు నెలలకు సరిపడా, చీటీతో.

కుక్కరు కొనేముందు ఇంట్లో ఏ పొయ్యి ఉందో మీవారిని అడగండి. చాలా ఇళ్ళు వంటగది సామానే లేకుండా అద్దెకిస్తారు, పొయ్యి కూడా మీరే కొనాల్సి రావొచ్చు. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కరు పనిచెయ్యదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలుది కావాలి. గాజు పలక కింద ఎర్రగా కాలే రకమైతే ఏ లోహమైనా సరే, అడుగు మాత్రం బల్లపరుపుగా ఉండాలి, గుండ్రని మూకుడు వేడెక్కదు. రబ్బరు గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి అదనంగా పెట్టుకోండి.

మిక్సీ పనిచేస్తుంది. కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఒక్కటే పట్టదు, ఎర్తు తగిలే అడాప్టరు వాడండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారమంతా చప్పుడు చెయ్యకూడదు కాబట్టి ఇడ్లీ పిండి శనివారం సాయంత్రమే రుబ్బేసుకోవాలి. వంట చేశాక కిటికీలు బార్లా తీసి పది నిమిషాలు ఉంచండి, చలికాలంలో కూడా. అన్నం ఆవిరికి గోడలకు బూజు పడితే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మూడు నెలల అద్దె దాకా ఉండే డిపాజిట్‌లోంచి కోస్తారు.

పిల్లల డబ్బాలో చల్లారినా తినగలిగేదే పెట్టాలి. బడిలో వేడి చేసుకునే వీలుండదు. చపాతీ చుట్ట, ఇడ్లీ ముక్కలు, కీరా. పుట్టినరోజులకు పంచే జెల్లీ ఎలుగుబంట్లలో పంది జెలటిన్ ఉంటుంది, శాకాహారులైతే టీచరుకు మొదటి వారంలోనే రాసివ్వండి.